చీటీ మారితే పువ్వే సాక్షి

సూరత్ సమీపంలోని కడోదరా వంటి బట్టల మిల్లుల ఊళ్లలో తాను మీది చీటీ మారినా, అనుభవజ్ఞులు నేత చూసి బట్టను పోల్చుకోగలరు. చెప్పు ఆకారపు ఆర్కిడ్‌లైన పాఫియోపెడిలమ్‌ల చరిత్రలోనూ ఇదే సమస్య ఎదురైంది.

1869లో ఇంగ్లండులోని వీచ్ నర్సరీలో జాన్ డొమినీ సృష్టించిన ‘హారిసియానమ్’ పూసింది. వీటిలో తొలి సంకరం అదే. బార్బేటమ్, విల్లోసమ్ దాని జన్మజాతులు. తరువాత సంకరాలు వేలల్లో పెరిగాయి. 1906లో శాండర్ సంస్థ ఆర్కిడ్ సంకరాల జాబితాను ప్రచురించింది. అయితే వంశావళి పుస్తకంలో ఉంటుంది, మొక్క కుండీలో ఉంటుంది. రెంటినీ కలిపేది చిన్న చీటీ మాత్రమే.

అది మారితే పువ్వును చదవాలి. రేకుల పై అంచున నల్లని పులిపిరులు బార్బేటమ్‌ను సూచిస్తాయి. వార్నిష్ పూసినట్టి మెరుపు, రేకు నడుమ ముదురు గీత విల్లోసమ్ వారసత్వాలు. పువ్వు మధ్యనుండే చిన్న కవచం, అంటే స్టామినోడ్ ఆకారాన్ని కూడా పరిశీలించాలి. అయితే ఒకే జంట సంతానమంతా ఒకేలా ఉండదు. కనుక పువ్వు చీటీని అబద్ధమని తేల్చవచ్చు గాని, అసలు పేరును ఒంటరిగా రుజువు చేయలేదు.

1990 నుంచి అడవి పాఫియోపెడిలమ్‌ల అంతర్జాతీయ వాణిజ్యం నిషిద్ధం. సంకరమనే చీటీ చాటున అడవి మొక్క సరిహద్దు దాటవచ్చు. అందుకే ఊహించిన పేరు కంటె ‘పేరు తెలియదు’ అని నిజాయితీగా రాయడమే శాస్త్రీయం.