ముల్లు, చెయ్యి, మధ్యలో ఒక స్ప్రింగు

సూరత్‌లో తెలుగువాళ్లంటే ముందు గుర్తొచ్చేది లింబాయత్ వైపు మరమగ్గాల మీద బతికే వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల పద్మశాలి కుటుంబాలు. ఆ ఇళ్లల్లో కొన్నిచోట్ల ఘంటసాల భగవద్గీత ఎల్పీలు నేను చూశాను. ఇంట్లో కుర్రాళ్లు పాత ప్లేయరు ఒకటి, కొత్త కార్ట్‌రిడ్జ్ ఒకటి కొంటారు. పాట గెంతుతుంటే ముల్లు పైన రూపాయి బిళ్ల పెడతారు. గాడి అరిగితే ఆ గొంతు ఆ రికార్డులోకి మళ్లీ రాదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు రికార్డింగులో కరెంటు ఊసే లేదు. వినేటప్పుడూ అంతే. ముల్లు ఊపితే సౌండ్ బాక్సులో అభ్రకం రేకు ఊగాలి, అది హారన్‌లో మోగాలి. అందుకు 100 గ్రాములకు పైనే బరువు పడేది. లక్కతో చేసిన 78 రికార్డు ఆ బరువును ఓర్చుకునేది. ఉక్కు పిన్నును మాత్రం పక్క తిప్పినప్పుడల్లా మార్చాలి. కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలు మన తాతలు విన్నది అలాగే.

ఇక్కడ మన ఫౌజీల పాత్ర కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క కరువైంది, దారిలో రికార్డులు పగిలేవి. అమెరికా సైన్యం 1943 నుంచి తన జవాన్లకు వినైల్‌తో చేసిన వి-డిస్కులు పంపింది. ఇంగ్లండులో జలాంతర్గాముల చప్పుడు తేడా పట్టడం నేర్పడానికి డెక్కా కంపెనీ చేసిన రికార్డింగు పనే తర్వాత సంగీతానికీ పనికొచ్చింది. 1948లో కొలంబియా ఎల్పీ తెచ్చింది. గాడి సన్నబడింది, బరువు క్రమంగా రెండు గ్రాముల దాకా దిగింది.

అప్పుడు మొదలైంది జోడీ సమస్య. 1964లో వచ్చిన షూర్ వి-15 లాంటి వాటికి ముల్లు పట్టుకునే కడ్డీ మెత్తన, తేలికైన చెయ్యి కావాలి. జపాన్ రేడియో కోసం చేసిన డెనాన్ 103కి అది బిగువు, బరువైన చెయ్యి కావాలి. మన భాషలో చెప్పాలంటే, శక్తిమాన్ లారీ కమాన్లు జోంగాకి వేస్తే గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. జోంగా కమాన్లు లారీకి వేస్తే బండి ఊగుతూనే ఉంటుంది.

లెక్క చిన్నదే. చెయ్యి కదిలే బరువు, కార్ట్‌రిడ్జ్ బరువు, మరల బరువు గ్రాముల్లో కలపాలి. దాన్ని కార్ట్‌రిడ్జ్ కాగితం మీది కంప్లయన్స్ అంకెతో గుణించి వర్గమూలం తీయాలి. 159ని దాంతో భాగిస్తే వచ్చేది ఆ జోడీ సహజంగా ఊగే వేగం, హెర్ట్జ్‌లో. 8 నుంచి 12 మధ్య ఉంటే మంచిది. అంతకు దిగితే వంకర రికార్డు ఊపు అందుకుంటుంది, పైకి పోతే పాటలోని మంద్రస్వరాలే దాన్ని కుదుపుతాయి. 12 గ్రాముల చెయ్యి, 6 గ్రాముల కార్ట్‌రిడ్జ్, మరలకి ఒకటి, కంప్లయన్స్ 20 అనుకుంటే 8 చిల్లర వస్తుంది. గట్టెక్కినట్టే. అదే 25 గ్రాముల చేతికి 30 కంప్లయన్స్ తగిలిస్తే 5 దగ్గర పడుతుంది. రూపాయి బిళ్ల ఆ అంకెను ఇంకా దించుతుంది, గాడి మీద నొక్కుడు పెంచుతుంది. మందు కాదది, విషం.

చెయ్యి కదిలే బరువంటే తక్కెడలో తూచేది కాదు. ఇరుసు పక్కన ఉన్న గ్రాము కంటే చివర ఉన్న గ్రాముకి లెక్క చాలా ఎక్కువ. తయారీదారు ఇచ్చిన అంకెనే తీసుకోవాలి.

ముల్లు కొనపై ఉండేది వజ్రం. వజ్రాలు సానబట్టే ఈ ఊళ్లో నాకు ఆ మాట ముచ్చటగా ఉంటుంది. ఎంత వజ్రమైనా జోడీ కుదరకపోతే గాడిని కోస్తుంది. షూర్ 2018లో కార్ట్‌రిడ్జ్‌లు ఆపేసింది, డెనాన్ 103 మాత్రం ఇంకా దొరుకుతోంది. అయితే జపాన్ కంపెనీలు చాలావరకు కంప్లయన్స్‌ని 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి రాస్తాయి. ఆ అంకెను ఒకటిన్నర నుంచి రెండింతలు చేసి పై లెక్కలో పెట్టాలి.