బావిగట్టు మీద బైబిలమ్మ

నా నవల ఒకటి సీరియల్‌గా వస్తున్న రోజుల్లో నల్లగొండ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. "మీ నవలలో అందరూ మనుషుల్లాగానే ఉన్నారండీ, ఆ పాస్టరుగారు ఒక్కడే మైకులా ఉన్నాడు. మీరెప్పుడైనా ఒక మంచి ప్రసంగం విన్నారా?" అంతే. పొగడ్తా లేదు, తిట్టూ లేదు.

చెప్పొద్దూ, ముందు ఒళ్లు మండింది. రెండు రోజులు పోయాక ఆ వారం అచ్చయిన భాగం తీసి చదువుకున్నాను. నా పాస్టరు నోరు తెరిస్తే పాపం, నరకం తప్ప మూడో మాట లేదు. పాపం, ఆయన భార్యకి నేను పేరైనా పెట్టలేదు.

నేను క్రైస్తవురాలిని కాను. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. ఆ ఉత్తరం పుణ్యమా అని పాత మిషన్ పుస్తకాలు వెతికి చదివాను. చదివేకొద్దీ, నాకు తెలుసుననుకున్నది ఎంత తక్కువో తెలిసి సిగ్గేసింది.

"తెల్లదొరల రాజ్యం కాబట్టి మతం వచ్చింది" అని మనం సులువుగా అనేస్తాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు దొరల రాజ్యం కాదు, నిజాం రాజ్యం. 1890లో నల్లగొండలో కాపురం పెట్టిన అబ్రహాం ఫ్రీజెన్, ఆయన భార్య మరియా ఇంగ్లీషువాళ్లు కారు, అమెరికన్లూ కారు. దక్షిణ రష్యాలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో, జర్మను మాట్లాడే మెనొనైట్లు. ఆయుధం పట్టకూడదన్నది వాళ్ల మతంలో నియమం. పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ నీడన, డబ్బు పంపింది రష్యాలోని పల్లెటూరి సంఘాలు. 1914 యుద్ధం, 1917 విప్లవం వచ్చి ఆ డబ్బు ఆగిపోయింది. అక్కడెక్కడో జారు చక్రవర్తి పడిపోతే నల్లగొండలో బడిపిల్లలకి పలకలు కరువు కావడం చరిత్రలో ఎవరూ రాయని ముక్క.

పాలమూరులో అంతకు ముందే, 1880లలో, ఎల్బర్ట్ చూట్ అనే బాప్టిస్టు మిషనరీ స్థిరపడ్డాడు. 1937లో ఆ స్టేషను అమెరికా నుంచి వచ్చిన మెనొనైట్ బ్రదరెన్ వారి చేతికి వచ్చింది. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి వైపు అప్పటికే వాళ్ల స్టేషన్లు ఉన్నాయి.

అయితే ఈ పేర్లు చదివి, ప్రసంగాలన్నీ ఈ దొరలే చేశారనుకునేరు! పల్లె పల్లెకీ కాలినడకన వెళ్లింది మన మాలపల్లెల, మాదిగవాడల మనుషులు. తెలుగు బైబిలు పూర్తిగా వచ్చింది 1854లో. అదంతా గ్రాంథికం. 'సెలవిచ్చెను' అంటే నల్లగొండ జిల్లా కూలిమనిషికి ఏ సెలవో, ఎవరిచ్చారో! ఆ తెలుగుని మళ్లీ తెలుగులోకి మార్చి చెప్పినవాడే అసలైన బోధకుడు. రిపోర్టుల్లో దొరగారి గుర్రానికి దొరికినంత చోటు కూడా వాళ్లలో చాలామందికి దొరకలేదు.

నమ్మినవాళ్లకి ఆ మాట తేలిగ్గా పడలేదు. చచ్చిన గొడ్డుని లాగమంటే లాగం, జాతరలో డప్పు కొట్టమంటే కొట్టం అనేసరికి ఊళ్లో పెద్దలకి కోపం వచ్చేది. పని ఇవ్వరు, బావి దగ్గరికి రానివ్వరు. వెట్టి నడిచిన కాలంలో ఆ ఒక్క 'కొట్టం' అన్న మాట ఎంత ఖరీదైనదో ఊహించండి. అంత ఖరీదైన మాట ఒకరి చేత పలికించేవాడు తర్వాత వాళ్ల గుమ్మంలో నిలబడాలి కదా. నిలబడినవాళ్లూ ఉన్నారు, బండి ఎక్కి బంగళాకి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

ఈ సందర్భంలో కృష్ణకి అవతల ఒంగోలు కథ ఒకటి చెప్పాలి. బాప్టిస్టు బోధ నెల్లూరు, ఒంగోలు మీదుగానే నిజాం రాజ్యంలోకి వచ్చింది. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం ఆకులు, దుంపలు తిని చస్తున్నారు. ఒంగోలులో జాన్ క్లౌ అనే మిషనరీ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. ఎవరొస్తే వాళ్లకి పని, పనికి కూలి. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. మధ్యాహ్నం పార దించి కూర్చున్నప్పుడు వాళ్లు కూలీల పక్కన కూర్చుని కష్టసుఖాలు మాట్లాడుతూ యేసు కథ చెప్పేవారు. విన్నవాళ్లు మమ్మల్ని కలుపుకోండని గుంపులుగా వచ్చారు. క్లౌ ఏం చేశాడంటే, ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు! అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్లకీ రాకూడదు, తనకీ రాకూడదు. కరువు పని అయిపోయి, ఇక పంచడానికి ఏమీ లేదన్నాకే తలుపు తీశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్లలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే. అంతమందిని ఒకేరోజు కలుపుకోవడం ఏమిటని సొంతవాళ్లే ప్రశ్నించారు. ఆ ప్రశ్న నాకూ ఉంది. కానీ ఆకలితో ఉన్నవాడికి అన్నం ముందు పెట్టి, నీ నమ్మకం సంగతి తర్వాత చూద్దాంలే అనడానికి ఎంత నిగ్రహం కావాలి! మొక్కుబడి కవరు ఇస్తే ఉద్యోగం వస్తుంది, జబ్బు నయమవుతుంది అని బోర్డులు పెట్టేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ కాలవగట్టు గుర్తొస్తుంది.

ఇక నా మనసుకి దగ్గరైన మనిషి కాథరీనా షెల్లెన్‌బర్గ్. 1870లో రష్యాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికాలోని కాన్సస్ చేరి, వైద్యం చదివి 1907లో మనదేశం వచ్చిన డాక్టరమ్మ. పెళ్లి చేసుకోలేదు. నాగర్‌కర్నూలులో, తర్వాత హైదరాబాదు దాటగానే ఉన్న శంషాబాదులో పనిచేసి 1945లో ఇక్కడే కన్నుమూసింది. ఆ రోజుల్లో మగడాక్టరు చెయ్యి నాడి మీద పడటం కన్నా చావే నయమనుకునే ఇళ్లు, హిందువులవైనా ముస్లిములవైనా, ఎన్నో. కాన్పు కష్టమై రెండు రోజులుగా మూలుగుతున్న పిల్ల దగ్గరికి ఒక ఆడమనిషి బ్యాగుతో రావడమే పెద్ద ప్రసంగం కదండీ! అలాగని ఆవిడ చెప్పదలుచుకున్నది దాచిపెట్టి వైద్యం ఒక్కటే చెయ్యడానికి రాలేదు. వాక్యం చెప్పడానికే వచ్చింది.

అన్నట్టు, ఒక మంచి ప్రసంగం విన్నానని ఆ పాఠకురాలికి ఇప్పుడు చెప్పగలను. మహబూబ్‌నగర్ దగ్గర పల్లెలో, రేకుల గుడి. ద్రాక్షతోట యజమాని కథ. పొద్దున వచ్చినవాడికీ సాయంత్రం వచ్చినవాడికీ ఒకే కూలి ఇచ్చాడని తగువు. వింటున్నవాళ్లు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయిదాకా వలసపోయి మట్టిపని చేసిన పాలమూరు లేబరు. అయ్యగారు పుస్తకం మూసి అడిగారు, "పొద్దుగూకేదాంక అడ్డా మీద నిలబడ్డోడు సోమరా? ఎవ్వడూ పిలువలే. వాని పిల్లలకు ఆకలి తక్కువైతదా?" ఒక ముసలాయన గట్టిగా "కాదు" అన్నాడు. నేను చదివిన వ్యాఖ్యానాలు ఆ 'కాదు' ముందు ఎందుకూ పనికిరావు.

చెడ్డదీ విన్నాను. బావిలో పడి చనిపోయిన పిల్ల ఇంట్లో ఆదరణ కూడిక. వచ్చిన బోధకుడు ఆత్మహత్య ఎంత పాపమో గంటసేపు చెప్పాడు. తల్లి గోడవైపు తిరిగి కూర్చుంది. వాక్యంలో ఉన్నదే చెప్పానంటాడు తర్వాత. కావచ్చు, కానీ ఏడ్చేవాళ్లతో ఏడవమన్న మాట కూడా అందులోనే ఉందిగా.

మా చిన్నప్పుడు నాన్న ఉద్యోగం రీత్యా దేవరకొండలో ఉండేవాళ్లం. నల్లగొండ జిల్లా నీళ్ల సంగతి మీకు తెలుసు. ఫ్లోరైడు పళ్లకి పసుపుగార పట్టించి, ఎముకల్ని వంచేసింది. పటికా సున్నమూ కలిపి ఆ విషాన్ని తీసే పద్ధతికి 1970లలో నాగపూరు శాస్త్రజ్ఞులు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారంటే చూడండి. మా పెరటి బావి నీళ్లు మాత్రం మంచివని పేరు. వారానికోసారి ఒక బైబిలు స్త్రీ వచ్చేది. పిల్లలం బైబిలమ్మ అనేవాళ్లం. తెల్లచీర, గుడ్డసంచీ, కొద్దిగా వంగిన మోకాళ్లు. రాగానే "గిన్ని నీళ్లు పొయ్యుండ్రమ్మా" అనేది. మా నానమ్మ పైనుంచి పోసేది, ఆవిడ దోసిట్లో తాగేది. తర్వాత బావిగట్టు మీద కూర్చుని, నీళ్లకి మిట్టమధ్యాహ్నం ఒంటరిగా వచ్చిన సమరయ స్త్రీ కథ చెప్పేది. ఆ కథలో బోధకుడే ముందు నీళ్లడుగుతాడు, అదీ అంటరానిదిగా చూసే ఆడదాన్ని. ఆ కథ అక్కడే కూర్చుని ఎందుకు చెప్పేదో నాకు నలభై ఏళ్లు వచ్చాక గానీ తట్టలేదు.

మా చిన్న బాబాయి బస్సు ప్రమాదంలో పోయాడు. వచ్చినవాళ్లంతా పూర్వజన్మ అనీ, రాత అనీ ఏదో ఒకటి చెప్పారు. బైబిలమ్మ వచ్చి కూర్చుంది. సంచీ విప్పలేదు. పొద్దువాలాక నానమ్మే, "ఏమైనా చెప్పవే" అంది.

"ఏం చెప్తనమ్మా, నాకూ ఒక కొడుకు పోయిండు" అంది. అంతకు ముందు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్న సంగతి చెప్పింది. లేపడం సంగతి ఆ రోజు చెప్పలేదు. "అది ఇంకో దినం చెప్త" అంది. మరుసటి నెల చెప్పింది కూడా.

ఆ రోజు నానమ్మ స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆ గ్లాసు తర్వాత మా వంటింట్లోకి రాలేదు. బావిగూట్లోనే ఉండిపోయింది. వచ్చినప్పుడల్లా బైబిలమ్మే దాన్ని తీసుకుని కడుక్కుని తాగి, మళ్లీ అక్కడే బోర్లించేది. మేమెవ్వరం ఏమీ అనలేదు.

నవల పుస్తకంగా వేసేటప్పుడు ఆ అధ్యాయం తిరగరాశాను. పాస్టరుగారి భార్యకి పేరు పెట్టాను. నల్లగొండ ఆవిడకి ఒక కాపీ పోస్టు చేశాను. ఇంకా జవాబు రాలేదు.