ఇన్యులిన్: వేరులో దొరికిన కొలబద్ద

పేర్లలోని పోలికవల్ల ఇన్యులిన్‌ను ఇన్సులిన్‌గా భ్రమించేవారున్నారు. ఇన్సులిన్ మన క్లోమంలో పుట్టే హార్మోను. ఇన్యులిన్ కొన్ని మొక్కల వేళ్లలో, దుంపలలో నిల్వ ఉండే పాలీశాకరైడ్. అంటే చక్కెర అణువుల గొలుసు. ఇందులో అధికభాగం ఫ్రక్టోజ్. ఈ రెండూ ఒకటేనని నమ్మి సూదిమందు మానివేస్తే మధుమేహ రోగి ప్రాణానికే ముప్పు.

ఐరోపాలో ఎలికాంపేన్ అనే మొక్క వేరును పూర్వం నుంచి దగ్గుకు వాడేవారు. 1804లో జర్మన్ ఫార్మసిస్టు వాలెంటిన్ రోజ్ ఆ వేరును నీటిలో కాచి, కషాయాన్ని కదపక ఉంచగా అడుగున పిండివంటి తెల్లని పదార్థం పేరుకొన్నది. ఆ మొక్క శాస్త్రీయ నామమైన ‘ఇన్యులా’ నుంచే దానికి ఇన్యులిన్ అన్న పేరు వచ్చింది.

దాని అసలు ప్రయోజనం 130 ఏళ్ల తరువాత గాని బయటపడలేదు. 1930లలో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ రిచర్డ్స్ బృందమూ, హోమర్ స్మిత్, జేమ్స్ షానన్‌లూ మూత్రపిండాల వడపోతను కొలిచే సాధనం కోసం అన్వేషించారు. రక్తంలోకి ఎక్కించిన ఇన్యులిన్‌ను శరీరం మార్చదు. మూత్రపిండం దానిని స్వేచ్ఛగా వడపోస్తుంది, తిరిగి పీల్చుకోదు, అదనంగా స్రవింపజేయదు. రక్తద్రవంలో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండి, నిమిషానికి 125 మిల్లీగ్రాములు మూత్రంలోకి వస్తే, ఆ నిమిషంలో 125 మిల్లీలీటర్ల ద్రవం వడపోతకు గురైనట్లే. శరీరంలో ఏ మార్పూ తేని గుణమే దానిని ప్రామాణిక కొలబద్దగా నిలిపింది. ఈ పరీక్ష శ్రమతో కూడినది గనుక నేడు రక్తంలోని క్రియాటినిన్‌తో వడపోతను అంచనా వేస్తున్నారు. మీ నివేదికలోని ‘ఇ.జి.ఎఫ్.ఆర్.’ ఆ అంచనాయే.

నోటి ద్వారా తీసుకొన్న ఇన్యులిన్ కథ వేరు. అది చిన్నప్రేగులో జీర్ణం కాక పెద్దప్రేగు చేరి, అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఇటువంటి పదార్థాలకు 1995లో గిబ్సన్, రాబర్‌ఫ్రాయిడ్ ‘ప్రీబయోటిక్’ అని పేరు పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి, కాఫీపొడిలో కలిపే చికోరీ మొక్క వేరు దీనికి ఆకరాలు. మోతాదు మించితే కడుపు ఉబ్బరిస్తుంది. అంతేగాని ఇది మధుమేహానికి గాని, మూత్రపిండ వ్యాధికి గాని మందు కాదు.

మొక్క నుంచి ఒక పదార్థాన్ని వేరుచేయడం తొలిమెట్టు మాత్రమే. అది ఏ మార్గంలో, ఎంత మోతాదులో, శరీరంలో ఏమి చేస్తుందో కొలిచి చూసినప్పుడే దాని విలువ తేలుతుంది. మూలికా చూర్ణాల ప్రకటనలను ఈ ప్రశ్నలతోనే పరీక్షించండి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏటా కనీసం ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకొనండి. మూత్రపిండ వ్యాధి తొలిదశలో నొప్పి ఉండదు. కొలతే దానిని పట్టిస్తుంది.