శుక్రగ్రస్త సూర్యుడు: లంబనం కోసం సాగిన నిరీక్షణ

పంచాంగంలో శుక్రమౌఢ్యమి వచ్చినదంటే వివాహాది శుభకార్యాలకు విరామం. శుక్రుడు సూర్యసాన్నిధ్యం వలన తేజస్సు కోల్పోయి అదృశ్యుడవుతాడు గనుక ఆ కాలాన్ని అస్తంగతకాలమన్నారు. సూర్యసిద్ధాంతం ఈ అదృశ్యత్వానికి 8 లేక 10 కాలాంశల పరిమితిని విధించింది. ఇందులో ఒక విచిత్రమున్నది. శుక్రుడు వక్రగతిలో నుండి, మౌఢ్యమి సరిగా మధ్యకు వచ్చిన వేళ, అతి అరుదుగా, సూర్యబింబం మీద నల్లని బిందువై ప్రత్యక్షమవుతాడు. శాస్త్రం కనబడడని చెప్పిన క్షణమే అతడు పట్టపగలు కనబడే క్షణం.

ఈ ఘటన జరగాలంటే శుక్రుడు సూర్యునితో కూడి ఉండడం చాలదు, తన పాతస్థానానికి అతి సమీపంలోనూ ఉండాలి. అందువలన ఈ యుగంలో అది జూన్‌లోనో డిసెంబరులోనో, అనగా నిరయన గణనలో సూర్యుడు వృషభంలోనో వృశ్చికంలోనో ఉన్నప్పుడే సంభవిస్తున్నది. 8 ఏండ్ల ఎడంతో రెండుసార్లు వచ్చి, పిదప శతాబ్దానికి పైగా కనుమరుగవుతుంది. 1631, 1639; 1761, 1769; 1874, 1882; 2004, 2012. రాబోయేది 2117 డిసెంబరులో.

మన సిద్ధాంతకారులు గ్రహకక్ష్యలను చంద్ర, బుధ, శుక్ర, సూర్య క్రమంలో నిలిపారు. శుక్రుడు సూర్యునికి దిగువనున్నాడన్న తరువాత, చంద్రుని వలె అతడూ సూర్యుని కప్పగలడన్నది తర్కసిద్ధమే. అయినా సూర్యసిద్ధాంతంలో గ్రహణాధికారాలు చంద్రసూర్యులకే ఉన్నవి. బింబం అంత చిన్నది గనుక అది స్నానదానాదులకు నిమిత్తం కాలేదు, గణితానికీ అవసరం కలుగలేదు.

అవసరం మరొక ద్వారం నుండి వచ్చింది. దాని పేరు లంబనం. భూపృష్ఠం మీద వేర్వేరు స్థలాల నుండి చూచినపుడు గ్రహస్థానంలో కలిగే భేదమే లంబనం. దానిని బట్టి దూరం తెలుస్తుంది. గ్రహాలన్నీ దినానికి సమానయోజనాలు నడుస్తాయన్న భావన మీద, గ్రహం యొక్క దినగతిలో పదిహేనవ వంతు దాని పరమలంబనమని సిద్ధాంతులు నిర్ణయించారు. చంద్రునికి ఇది సుమారు 53 కళలు. నేటి మానం 57 కళలు. అంత ప్రాచీనకాలంలో ఇంత సామీప్యం ప్రశంసార్హమే. సూర్యునికి మాత్రం అదే సూత్రం దాదాపు 4 కళలిచ్చింది. వాస్తవం 8.8 వికళలు మాత్రమే. అనగా సూర్యుడు సిద్ధాంతం చెప్పిన దానికి సుమారు 27 రెట్ల దూరంలో ఉన్నాడు. గ్రహణగణితంలో చంద్రలంబనానిదే ప్రాధాన్యం కావడంతో ఈ దోషం తరతరాలు మరుగున పడి ఉన్నది.

దీనిని కొలిచే ఉపాయాన్ని ఎడ్మండ్ హేలీ 1716లో విశదీకరించాడు. దూరదూర స్థలాల నుండి శుక్రుని సంక్రమణకాలాన్ని గణించి పోల్చితే సూర్యుని దూరం సిద్ధిస్తుంది. 1761లో ఐరోపా పండితులు దిక్కులకొకరుగా బయలుదేరారు. వారిలో ఫ్రాన్సు దేశీయుడు లె జెంటీల్‌ గమ్యం పుదుచ్చేరి. అతడు చేరకముందే ఆ నగరం ఆంగ్లేయుల వశమైంది. జూన్ 6న ఊగుతున్న ఓడ మీద నుండి శుక్రుని చూచాడు గాని, ఆ కాలగణన దేనికీ పనికిరాలేదు. ఇంటికి మరలిపోక 8 ఏండ్లు ఈ సముద్రాలలోనే నిలిచిపోయాడు. 1769 జూన్ 4 ఉదయం, పుదుచ్చేరి శిథిలాల మీద కట్టించుకున్న వేధశాలలో సర్వం సిద్ధం చేసుకొని కూర్చుండగా మేఘం కమ్మింది. సంక్రమణం ముగిసిన పిదప తొలగింది. అతడు విడిచి వచ్చిన మనీలాలో ఆనాడు ఆకాశం నిర్మలంగా ఉన్నది. 1771లో స్వదేశం చేరేసరికి బంధువులు అతడు మరణించెనని తలచి ఆస్తి పంపకానికి పూనుకొని ఉన్నారు.

ఆ నిరీక్షణ కాలంలో అతడు చేసిన పని ఒకటి మనకు విలువైనది. తమిళ గణకులు గవ్వలను నేల మీద పేర్చి, కంఠస్థమైన వాక్యాల సాయంతో గ్రహణం గణించే పద్ధతిని అతడు నేర్చుకున్నాడు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణ పరిమాణకాలం ఆ లెక్కలో 41 సెకన్లు తక్కువగా రాగా, ఐరోపా పట్టికలలో 68 సెకన్లు ఎక్కువైనదని వ్రాసిపెట్టాడు. దీనిని చూపి మన గణితం సర్వం నిర్దుష్టమని చాటేవారున్నారు. ఒక్క గ్రహణం సరిపోయినంత మాత్రాన సూర్యలంబనదోషం తీరదు.

ఈ నిజాయితీ 1874 డిసెంబరు 9 నాటికి స్వదేశీయులలోనే కనబడింది. పంచాంగకర్తల కుటుంబంలో పుట్టి మద్రాసు వేధశాలలో ప్రథమ సహాయకుడైన చింతామణి రఘునాథాచార్యులు, ఆ సంక్రమణాన్ని సామాన్యులకు బోధించుటకై ముందుగానే ఒక పుస్తకం ప్రకటించారు. ఆంగ్లంతో పాటు కన్నడ, ఉర్దూ మొదలైన భాషలలో వెలువడిన ఆ పుస్తకం సిద్ధాంతితో సంవాదరూపంలో సాగుతుంది. 1868 సంపూర్ణ సూర్యగ్రహణానికి వనపర్తికి బృందాన్ని నడిపినవారు కూడా ఆయనే. ఆకాశంలో కనబడేదానితో పంచాంగం ఏకీభవించాలని దృగ్గణిత పక్షాన నిలిచారు. పూర్వపద్ధతిని విడువని వారి వ్యతిరేకతను ఎదుర్కొన్నారు. తిథి తప్పితే వ్రతం తప్పుతుంది గనుక ఆ వివాదం ఇంటింటికీ సంబంధించినది.

అదే ఉదయం విశాఖపట్టణం డాబా గార్డెన్స్‌లో అంకితం వెంకట నరసింగరావు తన మామగారు గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుండి శుక్రుని దర్శించారు. అది రాజ్యం కట్టించినది కాదు, స్వగృహ ప్రాంగణంలోనిది.

దూరదర్శిని లేని సాక్షి ఒరిస్సాలోని ఖండపడా వాసి సామంత చంద్రశేఖరులు. కర్రలతో, వెదురుతో స్వయంగా చేసుకున్న యంత్రాలే ఆయన సాధనాలు. 1899లో అచ్చయిన సంస్కృత గ్రంథం సిద్ధాంతదర్పణంలో, కలి 4975లో వృశ్చికంలో శుక్రునిచే సూర్యగ్రహణం కలిగినదని, శుక్రబింబం సూర్యబింబంలో 32వ వంతుగా కనబడినదని నమోదు చేశారు. నేటి గణితం ఇచ్చేది సుమారు 31వ వంతు. ఆ గ్రంథంలోనే సూర్యలంబనాన్ని 4 కళల నుండి సుమారు 22 వికళలకు తగ్గించి, సూర్యుని పూర్వాచార్యులు చెప్పిన దానికంటె పదిరెట్లకు పైగా దూరంలో నిలిపారు. 27 రెట్లకు అది ఇంకా సగం కూడా కాలేదు.