పావు తక్కువ మూడా? రెండూ ముక్కాలా?

సాయంత్రపు విరామం ఎన్ని గంటలకని తరగతిలో అడిగితే ఒక బాలిక “రెండూ ముక్కాలుకు” అన్నది. అది తమిళమనీ, తెలుగులో “పావు తక్కువ మూడు” అనాలనీ నేను దిద్దాను. బాలిక తల వంచుకున్నది. తప్పు ఆమెది కాదు, నాదే. అది ఎట్లాగో చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పాలి.

పూర్వం మనవారు పగటి కాలాన్ని సూర్యోదయం నుండి గడియలలో లెక్కించేవారు. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీటిపై ఉంచితే అది నిండి మునిగే కాలం ఒక గడియ, అనగా 24 నిమిషాలు. అహోరాత్రానికి అరవై గడియలు, ఎనిమిది జాములు. గిన్నె మునగగానే గంట కొట్టి ఊరికి తెలియజేసేవారు. ఆ గడియ నేటికీ మన ‘గడియారం’లోనూ తమిళుల ‘కడిగారం’లోనూ నిలిచి ఉన్నది. ఆ మ్రోగిన గంటే మనకు కాలమానమైంది. తమిళుల ‘మణి’ అన్నా గంటే. ఆంగ్లేయుల ‘క్లాక్’ అనే మాటకు కూడా మూలార్థం గంటే.

1856 జూలై 1న రాయపురం నుండి వాలాజా రోడ్డుకు రైలు నడిచింది. తరువాత ఆ మార్గం గుడియాత్తం మీదుగా పడమటికి సాగింది. బండి అందుకోవాలంటే జాములు చాలవు, నిమిషాలు కావాలి. నాటి రైళ్లు మద్రాసు కాలాన్ని పాటించేవి. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. అది మద్రాసు కాలం కన్న సుమారు తొమ్మిది నిమిషాలు ముందు.

గడియారం ఒకటే అయినా దానిని చదివే తీరు భాషకొక విధం. మా ఊరి బజారులో 2.45ను తెలుగువారు “పావు తక్కువ మూడు” అంటారు, “రెండూ ముప్పావు” అనీ అంటారు. తమిళులు “ఇరండే ముక్కాల్” అంటారు. ఉర్దూ మాట్లాడేవారు “పౌనే తీన్” అంటారు, అంటే పావు తక్కువ మూడే. కొందరు గడచినదానిని లెక్కిస్తే కొందరు రాబోయే గంటను చూస్తారు. జర్మనులు రెండున్నరను “సగం మూడు” అంటారు. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ వారు మన పూర్వుల వలెనే సూర్యోదయం నుండి లెక్కిస్తారు. మన ఉదయం ఏడు వారికి ఒంటిగంట.

ఇక ‘ముక్కాలు’ సంగతి. సంస్కృతంలో ‘పాదం’ అంటే అడుగు, నాలుగవ వంతు కూడా. మన ‘పావు’ అక్కడిదే. తమిళంలో ‘కాల్’కూ ఆ రెండర్థాలూ ఉన్నాయి. తెలుగు ‘కాలు’కు లేవా? ‘కాలణా’ అన్న మాట మన తాతలందరికీ తెలుసు. అణాలో నాలుగవ వంతు అది. మూడు కాళ్లు కలిస్తే ముక్కాలు. అంటే నేను తమిళమని కొట్టివేసినది అచ్చమైన తెలుగు మాట.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు గుడియాత్తం, చిత్తూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. ఎల్లలు తరువాత వచ్చాయి, మాటలు అంతకు ముందే కలిసి బ్రతికాయి. ఎల్లకు ఈవల ఉన్న పిల్లల నోట వినిపించే ప్రతి కొత్త మాటనూ పరభాష అని దిద్దితే మన సొత్తును మనమే పారవేసుకున్నట్లవుతుంది.

అసలు ప్రమాదం తమిళం వలన కాదు. చేతి ఫోనులో అంకెలు చూసి పిల్లలు “టూ ఫార్టీ ఫైవ్” అంటున్నారు. ఆ మాటలో పావూ లేదు, కాలూ లేదు. భిన్నాల లెక్కకు పునాది వేసే పావు, అర, ముప్పావు పిల్లవాని నోటికి రోజూ వచ్చేది గడియారం చూసినప్పుడే. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠమైంది కనుక మా పిల్లలకు రెండు భాషల లెక్కా రావాలి. మరునాడు నల్లబల్లపై గడియారం బొమ్మ గీసి, ముల్లును తొమ్మిది మీద నిలిపి, ప్రక్కన ముప్పావు, ముక్కాలు రెండూ వ్రాశాను. మొదట చదవమని ఆ బాలికనే పిలిచాను.