డండీలో 382 రోజులు

ఈమధ్య మా పాట్‌లక్‌లలో పులిహోర కంటే ఉపవాసం కబుర్లే ఎక్కువయ్యాయి. ఒకరు పదహారు గంటలంటే, ఇంకొకరు మూడు రోజులంటారు. పోయిన నెల ఒక మిత్రుడు ఏడాది పైన తిండి మానేసి సన్నబడ్డ స్కాట్లండ్ కుర్రాడి కథ చెప్పి, తనూ నెల్లాళ్ళు నీళ్ళ మీద ఉంటానన్నాడు. అతను షుగరుకి మాత్రలు వేసుకుంటున్నాడు. నాకు మనసు ఒప్పక, ఆ కుర్రాడి గురించి వైద్యులు రాసిన అసలు వ్యాసం వెతికి చదివాను.

కథ నిజమే. ఆంగస్ బార్బియేరి, వయసు 27, బరువు 456 పౌన్లు. 1965లో డండీ నగరంలో ఆసుపత్రికి వెళ్ళాడు. వైద్యులు అనుకున్నది కొద్దిరోజుల ఉపవాసమే, ఆపనన్నది అతనే. 382 రోజులు! కాలరీలు లేని పానీయాలు, విటమిన్లు, కొన్నాళ్ళు ఈస్టు, అవసరమైనప్పుడు పొటాషియం, సోడియం - అంతే. చాలాకాలం ఇంట్లోనే ఉన్నా, ఆసుపత్రి వాళ్ళు తరచూ రక్తం పరీక్షిస్తూనే ఉన్నారు. 1966 జూలైలో ఉడికించిన గుడ్డు, వెన్న రాసిన రొట్టెతో విరమించేసరికి 180 పౌన్లు. ఐదేళ్ళ తర్వాత కూడా 196 దాటలేదు.

మిత్రుడి కథ అక్కడితో ఆగింది. 1973లో అచ్చయిన ఆ వ్యాసం మాత్రం, స్థూలకాయానికి ఇలాంటి చికిత్స జరుగుతుండగా సంభవించిన ఐదు మరణాలను కూడా ప్రస్తావించింది.

ఎందుకంటే బార్బియేరి ఒంటరివాడు కాదు. 1960లలో ఫిలడెల్ఫియాలో డంకన్, లాస్ ఏంజెలెస్‌లో డ్రెనిక్ వంటి వైద్యులు రోగులను ఆసుపత్రిలోనే ఉంచి వారాల తరబడి ఉపవాసం చేయించారు. 1969లో లాన్సెట్ పత్రికలో ఒక ఇరవయ్యేళ్ళ అమ్మాయి సంగతి వచ్చింది. ముప్ఫై వారాల ఉపవాసంతో కోరుకున్న బరువుకి దిగింది. తిరిగి తినడం మొదలుపెట్టాక చనిపోయింది. చూస్తే గుండె కండరపు పోగులు చిట్లిపోయి ఉన్నాయి. ఒళ్ళు కొవ్వుతో పాటు కండనీ కరిగించుకుంటుంది మరి, గుండె కూడా కండే కదా!

1977లో డ్రెనిక్ బృందం తమ పాత రోగుల వివరాలు ప్రకటించింది. ఏళ్ళ తరబడి గమనించిన 121 మందిలో తగ్గిన బరువు నిలుపుకున్నవారు ఏడుగురు.

మా అమ్మమ్మ ఏకాదశి ఉపవాసానికి ద్వాదశి పారణ ముందే రాసిపెట్టి ఉండేది. దాన్ని పొడిగించే ఆలోచన ఆవిడకెప్పుడూ రాలేదు.

ఇదంతా ఫోనులో చెబితే, "నీ కోడ్‌లో బగ్గులు చూసుకోవోయ్" అని మిత్రుడు నవ్వేశాడు. కొన్ని షుగరు మాత్రలు వేసుకుని తినకపోతే స్పృహ తప్పే ప్రమాదముందన్నప్పుడు మాత్రం కాసేపు మాట్లాడలేదు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడని వాళ్ళావిడ మా ఇంట్లో చెప్పిందట.