కలివి కోడి చరిత్ర - మనం బంజరు అనుకున్న కంపల్లో ఏముంది



ఈ సంవత్సరం పొదుపులు, బ్యాంకు లింకేజీ, అప్పుల వసూలు లెక్కలన్నీ ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. నేను రాస్తున్నది ఒక పిట్ట చరిత్ర. "పిట్ట సంగతి మనకెందుకులే" అని పేజీ తిప్పెయ్యొద్దు. ఈ చరిత్రలో మన మేకలు ఉన్నాయి, మన కట్టెల మోపులు ఉన్నాయి, మన ఊర్ల చుట్టూ ఉండే కంపలు కూడా ఉన్నాయి. పెద్ద చదువులు చదివినోళ్లు కనుక్కోలేనిది ఊర్లో మనిషి ఎట్లా కనుక్కున్నాడో కూడా ఇందులోనే ఉంది.

ఆ పిట్ట పేరు కలివి కోడి. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ లేదు. మన కడప జిల్లా చిట్టడవులే దానికి మిగిలిన ఇల్లు.

పేరు ఎట్లా వచ్చింది

కలివి చెట్టు మనందరికీ తెలుసు. ముళ్ల పొద. ఎండాకాలం చివర నల్లగా పండే కలివి పండ్లను పిల్లోళ్లు నోరు నీలమయ్యేదాకా తింటారు. ఆ పొదల మాటున తిరిగే పిట్ట కాబట్టి కలివి కోడి అన్నారు. పేరులో కోడి ఉన్నా ఇది మన పెరటి కోడి జాతి కాదు. కొన్ని పాత పుస్తకాల్లో దీన్ని "అడవి ఉత్తతిత్తి" అని తెలుగువాళ్లు పిలిచేవారని కూడా రాసినారు.

కొలిస్తే 27 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే జానెడు పైన కొంచెం. గోధుమ రంగు ఒళ్లు, కంటిపైన తెల్లటి గీత, గొంతు దగ్గర ఇటుక రంగు మచ్చ ఉంటాయి. రొమ్ము మీద రెండు పట్టీలు రెండుపేటల గొలుసు వేసుకున్నట్టు కనబడతాయి. పగలంతా పొద నీడలో కదలకుండా ఉండి రాత్రి మేతకు బయలుదేరుతుంది. చెదలు, చీమలు లాంటి పురుగులు తింటుంది. ఎగరడం కంటే పొదల నడుమ నేల మీద పరుగెత్తడమే ఎక్కువ. అందుకే పగలు తిరిగే మనుషులకు కనబడదు.

86 సంవత్సరాల మౌనం

ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు సైన్యంలో థామస్ జెర్డాన్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయనకు పిట్టల మీద ఆసక్తి ఎక్కువ. ఆయన సేకరించిన పిట్టను బట్టి 1848లో దీని సంగతి మొదటిసారి పుస్తకాలకెక్కింది. అందుకే ఇంగ్లీషులో దీన్ని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. తర్వాత బ్లాన్‌ఫర్డ్ అనే ఇంకో ఆయన గోదావరి లోయలో భద్రాచలం, సిరొంచ వైపు కూడా ఇది ఉందని రాసినాడు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన చూసినాడు.

అంతే. ఆ తర్వాత దాని జాడ లేదు. 1930ల్లో వెతికినారు, దొరకలేదు. 1970ల్లో మళ్లీ వెతికినారు, అప్పుడూ దొరకలేదు. ఇంక ఈ జాతి నాశనమైపోయిందని చాలామంది అనుకున్నారు.

1883 నుంచి పనిచేస్తున్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మాత్రం ఆశ వదల్లేదు. ఆ సంస్థ తరఫున భరత్ భూషణ్ అనే యువకుడు కడప జిల్లాకు వచ్చినాడు. పిట్ట బొమ్మ పట్టుకుని ఊర్లల్లో తిరిగి, "దీన్ని ఎక్కడన్నా చూసినారా" అని అడిగినారు. అంతకుముందు వచ్చిన వాళ్లకు, వీళ్లకు తేడా ఇక్కడే ఉంది. అడవిని అడగడంతో ఆగకుండా అడవి పక్కన బతికే మనిషిని కూడా అడిగినారు. 1986 జనవరిలో లంకమల కొండల అంచున రెడ్డిపల్లి దగ్గర ఒక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుతురులో ఈ పిట్టను పట్టుకున్నాడు. ఆ పిట్ట ఎక్కువసేపు బతకలేదు. కానీ పోయిందనుకున్న జాతి 86 ఏళ్లుగా మన పొదల్లోనే ఉందని లోకానికి తెలిసింది.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. ఊరివాళ్లకు ఆ పిట్ట కొత్త కాదు, దానికి వాళ్ల దగ్గర పేరు కూడా ఉంది. తెలియనిది పుస్తకాలకే. మన అమ్మమ్మలకు తెలిసిన చెట్లు, పురుగులు, పిట్టలు ఎన్ని ఉన్నాయో ఎవరూ రాసుకోలేదు. అడిగేవాళ్లు లేక ఆ తెలివంతా వాళ్లతోనే పోతా ఉంది.

అడుగుల ముద్రలతో వెతుకులాట

1988లో ఈ పిట్ట కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటు చేసినారు. దాని విస్తీర్ణం సుమారు 464 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం కూడా ఉండే అడవి అది.

2000 తర్వాత పి. జగన్నాథన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో ఇంకొందరు ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేసినారు. రాత్రి తిరిగే పిట్టను లెక్కపెట్టేది ఎట్లా? వాళ్లు చేసిన ఉపాయం మనం వాకిట్లో కల్లాపి చల్లి చదును చేసినట్టే ఉంటుంది. పొదల నడుమ మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి చదును చేస్తారు. తెల్లవారి వచ్చి దాని మీద ఏ పిట్ట అడుగులు పడినాయో చూస్తారు. దాని అరుపును రికార్డు చేసి సాయంత్రం పూట వినిపించి, బదులు వస్తుందేమో విన్నారు. తనంతట తానే ఫొటో తీసే కెమెరాలు కూడా పెట్టినారు.

ఈ పనిలో తేలిన విషయం మన అందరికీ పనికొస్తుంది. కలివి కోడికి దట్టమైన అడవి వద్దు, బోడి నేల కూడా వద్దు. మనిషి కంటే ఎత్తుండే పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉన్న చోట అది ఎక్కువగా తిరుగుతుంది. మన లెక్కలో ఎకరాకు సుమారు 120 నుంచి 280 పొదలు. తుమ్మ, రేగు, కలివి పొదలు అక్కడక్కడా ఉండి, నడుమ పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి.

అట్లాంటి నేల ఎట్లా తయారవుతుంది? కొంచెంగా మేకలు మేసి, కొంచెంగా కట్టెలు కొట్టుకున్న చోట అట్లా ఉంటుంది. మేత, కట్టె పూర్తిగా ఆగిపోతే పొదలు కమ్ముకుని నడవను సందు ఉండదు. మరీ ఎక్కువ మేపి, మొదళ్లతో సహా నరికితే దాక్కోను పొద ఉండదు. రెండూ ఆ పిట్టకు చేటే.

అక్కలారా, ఇది మామూలు మాట కాదు. అడవి ఎందుకు పాడయింది అంటే మొదట వేలు చూపించేది మేకలు తోలుకుపోయే ఆడమనిషి మీదనే, కట్టెలమోపు మోసే ఆడమనిషి మీదనే. సంఘంలో మేకల కోసం అప్పు తీసుకున్న సభ్యులు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఈ పిట్ట చరిత్ర చెప్పేదేందంటే, మితంగా వాడుకుంటే మన బతుకు, దాని బతుకు ఒకే నేల మీద సాగుతాయి. తేడా మితం దగ్గరే ఉంది. మితం తప్పితే మన మేకలు కూడా అడవిని బోడి చేస్తాయి, ఆ మాట కూడా మనమే ఒప్పుకోవాలి.

యంత్రం వచ్చినప్పుడు

మేక ఒక కొమ్మ మేస్తే అది మళ్లీ చిగురిస్తుంది. జేసీబీ ఒక పొదను వేరుతో పెకలిస్తే అది మళ్లీ రాదు. ఈ పిట్టకు అసలు దెబ్బ తగిలింది అక్కడే. చిట్టడవిని మొత్తంగా చదును చేసి పొలాలు, తోటలు వేయడం, రాయి కోసం తవ్వడం, ఒకే రకం చెట్లను వరసగా నాటడం, వీటితో దాని ఇల్లు ముక్కలు ముక్కలు అయింది.

తెలుగుగంగ కాలువ కథ కూడా చెప్పుకోవాలి. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా చెన్నైకి పోయే పెద్ద పథకం అది. దారిలో మన రాయలసీమ, నెల్లూరు పొలాలకు కూడా నీళ్లిస్తుంది. 2005లో కాలువ పనుల కోసం యంత్రాలు అభయారణ్యం పక్కన ఈ పిట్ట తిరిగే పొదల్లోకి దిగి కొంత మేర తవ్వేసినాయి. అది తెలిసి అటవీ శాఖ పని ఆపింది. విషయం సుప్రీంకోర్టు వేసిన కమిటీ దాకా పోయింది. చివరికి అభయారణ్యాన్ని తప్పించి కాలువ దారి మార్చినారు. పిట్ట కోసం ఇంకొంత భూమిని కూడా సేకరించాలని నిర్ణయించినారు.

నీళ్లు వద్దని మనలో ఎవరూ అనరు. బిందె కోసం కిలోమీటర్లు నడిచిన వాళ్లం మనం. కానీ కాలువను పక్కకు జరపొచ్చు, అడవిని జరపలేము. ముందే అడిగి ఉంటే, ముందే చూసి ఉంటే ఆ పొదలు పోయేవి కావు, పని కూడా ఆగేది కాదు. అభివృద్ధి, అడవి రెండిట్లో ఒకటే తేల్చుకోవాలి అనేవాళ్లకు ఈ కాలువే జవాబు.

దాని గుడ్డు ఎవరూ చూడలేదు

ఇంకో విచిత్రం చెప్తాను. బతికున్న కలివి కోడి గూడును ఈనాటి శాస్త్రవేత్తలెవరూ చూడలేదు. 2013లో స్కాట్లాండు దేశంలో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక పాత గుడ్డు బయటపడింది. దాన్ని 1917లో కోలారు బంగారు గనుల వైపు ఒక పశువుల డాక్టరు సేకరించినాడు. డీఎన్ఏ పరీక్ష చేస్తే అది కలివి కోడి గుడ్డే అని తేలింది. మన పక్కనే ఉన్న కోలారు దాకా ఒకప్పుడు ఈ పిట్ట ఉండేదని దాని వల్లనే తెలిసింది. మన నేల మీద పుట్టిన పిట్ట గుడ్డు చూడాలంటే సముద్రాలు దాటి పోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఈ జాతి అంతరించే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ ఉన్న వాటిలో ఒకటి. ప్రపంచం మొత్తం మీద 250 లోపే ఉంటాయని అంచనా. 2009 తర్వాత చాలా ఏళ్లపాటు దీన్ని కచ్చితంగా చూసినామని చెప్పినవాళ్లు లేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఇది ఉంది, అంటే పట్టుకున్నా చంపినా నేరం.

మన దేశంలో చీతాలు అంతరించిపోయినాయని 1952లో ప్రకటించినారు. 70 ఏళ్ల తర్వాత, 2022లో, నమీబియా నుంచి 8 చీతాలను విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్ కునో అడవిలో వదిలినారు. ఇంకో దేశంలో ఉన్నాయి కాబట్టి తెచ్చుకోగలిగినారు. కలివి కోడి పోతే ఎక్కడి నుంచి తెస్తాం? అరువు ఇచ్చే ఇల్లు ఇంకొకటి లేదు.

బంజరు అనే మాట

దీనికంతా మూలం ఒక మాటలో ఉందని నాకనిపిస్తుంది. చిట్టడవిని కాగితాల్లో బంజరు అని రాస్తారు. మనం కూడా "కంపలే కదా" అంటాం. పనికిరాని భూమి అనే పేరు పడినాక దాన్ని ఎవరు ఏం చేసినా అడిగేవాళ్లు ఉండరు. మొక్కలు నాటడం మంచిదే, కానీ ఉన్న కలివి, రేగు పొదలు కొట్టేసి జామాయిల్ నాటితే అది పచ్చదనం కాదు. పొదను నమ్ముకున్న పిట్ట, పురుగు, మన మేక, మన కట్టె, మన కలివి పండు అన్నీ పోతాయి.

ఇంతకాలం ఇంట్లో ఆడవాళ్ల పనిని కూడా ఇట్లాగే లెక్కలో రాయలేదు. సంఘాలు వచ్చి పుస్తకాల్లో రాసుకోవడం మొదలుపెట్టినాకే మన పనికి విలువ కనబడింది. అడవికీ అదే దారి: రాసుకోవాలి.

మనం చేయగలిగింది

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. చట్టం కింద చేసిన నియమాల ప్రకారం అందులో నియమించే సభ్యుల్లో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. ఊర్లో ఉండే చెట్లు, పిట్టలు, విత్తనాలు, వాటి గురించి పెద్దవాళ్లకు తెలిసిన విషయాలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయించడం ఆ కమిటీ పని. అందుకని గ్రామ సంఘాల ముందు నేను మూడు మాటలు పెడుతున్నాను.

ఒకటి, మన పంచాయతీలో ఆ కమిటీ ఉందా, అందులో ఆడవాళ్లు ఎవరు అని గ్రామసభలో అడగాలి. పేరుకు మాత్రమే ఉంటే మన సభ్యుల పేర్లు ఇవ్వాలి.

రెండు, ఊరి రిజిస్టర్ రాసేటప్పుడు మేకలు కాసే అక్కలను, కట్టెలకు పోయే అవ్వలను కూర్చోబెట్టి చెప్పించాలి. చదువు రాకున్నా చెప్పేది వాళ్లే, మన సంఘంలో చదువుకున్న పిల్లలు రాస్తారు.

మూడు, ఉపాధి హామీలో భూమి చదును, మొక్కల పని వచ్చినప్పుడు ఆ భూమిలో ఏ పొదలు ఉన్నాయో ముందు చూసి, అప్పుడు తీర్మానం మీద సంతకం పెట్టాలి. అనుమానం ఉంటే అటవీ శాఖ వాళ్లను అడగాలి.

86 ఏళ్లు లేదనుకున్న పిట్టను ఊరి మనిషి కళ్లు వెతికి పట్టినాయి. అట్లాంటి కళ్లు మన సమాఖ్యలో ఎన్నో ఉన్నాయి. వచ్చే ఏడాది నివేదికలో పొదుపు లెక్కల పక్కన మన ఊర్ల పొదల లెక్క కూడా ఒక పేజీ ఉండాలని నా కోరిక.